తెరమీది అంగడిలో వస్తువుల పోలిక

వస్తువును కొనుటకు ముందు నాలుగింటిని పోల్చి చూచుట మన ఇల్లాండ్రకు ఎవరును నేర్పవలసిన విద్య కాదు. విజయవాడ వన్‌టౌనులోని వస్త్రలతలో గాని, బీసెంటు రోడ్డులో గాని ఒక చీరల అంగడిలో గడియసేపు కూర్చున్నవారికి ఈ విద్య యెంత సూక్ష్మమైనదో తెలియును. తెల్లని గుడ్డ పరచిన పరుపుమీద గుమాస్తా చీరలు విప్పి వేయుచుండును. అయితే వేయుటకు ముందు ఆతడు ఒక ప్రశ్న అడుగును: "ఎవరికమ్మా? మీకా, పెట్టుబడికా?" ఆ ఒక్క ప్రశ్నతో అరలలోని మూడు వంతుల చీరలు పోలికనుండి తొలగిపోవును. పిమ్మట "ఎంతలో చూపించమంటారు?" అనును. అప్పుడు పది చీరలు పడును. నచ్చనివానిని "ఇవి తీసెయ్యి బాబూ" అనగానే వెనుకకు నెట్టును. తుదకు పరుపుమీద రెండో మూడో మిగులును. అప్పుడు మాత్రమే ఆతడు కొంగుకు ఎదురుగా కొంగును, అంచుకు ఎదురుగా అంచును పరచి చూపును. ఒకదాని కొంగును మరియొకదాని అంచుతో పోల్చి చూపిన గుమాస్తాను మేమింతవరకు ఎరుగము.

బియ్యపు కొట్టులో పద్ధతి వేరు. బస్తాకు ఇనుప గొట్టము గుచ్చి తీసిన గింజలను అరచేతిలో పోసికొని, నూక యెంత, పాతబియ్యమా కొత్తబియ్యమా అని చూచి, రెండు గింజలు కొరికి, పక్క బస్తాలోని గింజలను రెండవ అరచేతిలో పోసికొందురు. బాపట్ల పరిశోధనా కేంద్రమునుండి 1986లో వెలువడిన బి.పి.టి. 5204 అను సాంబమసూరి నేటికిని డెల్టాలో పేరు చెప్పి అడుగు బియ్యము. కాని సంచిమీద పేరొక్కటే యైనను, ఏడాది నిలువయున్న బియ్యమునకును నిన్న ఆడించిన బియ్యమునకును అన్నములో ఎంత భేదమో వండువారికే తెలియును. అరచేతిలో చూచునది ఆ భేదమునే.

నేడు మన ఇండ్లలో సెల్‌ఫోను తెరయే అంగడి యైనది. ఈ తెరమీది అంగళ్ళలో "పోల్చుము" అను మీట ఒకటి కలదు. రెండు మూడు వస్తువులకు గుర్తుపెట్టి ఆ మీట నొక్కినచో పెద్ద పట్టిక యొకటి వచ్చును. వస్తువులు నిలువు వరుసలలోను, వాని గుణములు అడ్డు వరుసలలోను ఉండును. చూచుటకు శాస్త్రీయముగా కనబడును. కాని ఆ పట్టికను ముందిడుకొని కూర్చున్నవారిలో అనేకులు రెండు నిమిషములకే విసిగి, "అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, తక్కువ ధరది తీసుకుందాం" అని లేచిపోవుదురు. ఇది వారి అజ్ఞానము కాదు. ఆ పుటను కూర్చినవారు గుమాస్తా అడిగిన మొదటి ప్రశ్నను అడుగలేదు. ఏ కొలబద్దతో పోల్చవలెనో కొనువారు చెప్పవలసి యుండగా, అమ్మువారు తమ వద్దనున్న కాగితములోని వరుసలన్నిటిని తెచ్చి గుమ్మరించిరి. పోలికపుటను మరల తీర్చదలచినవారు మొదట సరిచేయవలసినది దీనిని.

ఇది వట్టి సౌకర్యమునకు సంబంధించిన మాట యని శ్రోతలు తలపవచ్చును. కాని 2024 సెప్టెంబరు నెలను విజయవాడవారు అంత త్వరగా మరువలేరు. ఆ నెల మొదటి దినములలో ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణా ప్రవాహము 11 లక్షల క్యూసెక్కులను మించినది. వేరొక వైపున బుడమేరు గట్లు తెగి అజిత్‌సింగ్‌నగరు, పాయకాపురము, రాజరాజేశ్వరీపేటలను ముంచివైచినది. నేల అంతస్తు ఇండ్లలో ఫ్రిజ్జులు నీటిపై తేలినవి. వాషింగు మెషీనులు, మిక్సీలు, గ్రైండర్లు బురదతో నిండినవి. ప్రభుత్వము నేల అంతస్తువారికి 25,000 రూపాయలు, పై అంతస్తులవారికి 10,000 రూపాయలు సహాయముగా ప్రకటించినది. ఇరువదియైదు వేల రూపాయలలో గిన్నెలు, పరుపులు, బియ్యము, పిల్లల పుస్తకములు పోగా ఫ్రిజ్జునకు మిగులున దెంత? అట్టి సమయమున ఏది కొనవలెనో తెలియగోరిన కుటుంబమునకు పోలికపుట వినోదము కాదు. అందులో ఒక వరుస తప్పుగా చదివినచో పది సంవత్సరములు ఆ తప్పును కరెంటు బిల్లులో కట్టుచునే యుండవలెను.

ఆ ఫ్రిజ్జునే ఉదాహరణముగా గ్రహింతము. పట్టికలో "లీటర్లు" అని ఒక వరుస యుండును. ఒక అమ్మకందారు పెట్టెలోపలి మొత్తము చోటును వ్రాయును; మరియొకడు సరకులు పెట్టుటకు వీలగు చోటును మాత్రమే వ్రాయును. రెండంకెలును నిజమే. కాని పక్కపక్కన పెట్టగనే అవి అబద్ధమాడును. తరువాతి వరుసలో నక్షత్రములుండును. కేంద్ర ప్రభుత్వ సంస్థయైన ఇంధన సామర్థ్య కార్యాలయము 2006లో ప్రారంభించిన ఈ నక్షత్రపు చీటీ నిజముగా మేలైన పోలిక సాధనము. ఒక్క చూపులో విషయము చెప్పును. అయితే ఆ నక్షత్రముల కొలత కొన్ని యేండ్లకొకసారి కఠినమగుచుండును. నిలువ సరకుమీది పాత అయిదు నక్షత్రములును కొత్త సరకుమీది అయిదు నక్షత్రములును సమానములు కావు. చీటీమీద అది ఏ కాలమునకు వర్తించునో అచ్చువేసి యుండును. తెరమీది పట్టిక మాత్రము ఆ కాలమును వదలివేసి నక్షత్రములను మాత్రమే చూపును.

అదే చీటీమీద ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చగునో కూడ ఉండును. ఇల్లు నడుపువారికి పనికివచ్చు అంకె అది. ఒక ఫ్రిజ్జు వెల 15,000 రూపాయలనియు, ఏడాదికి 210 యూనిట్లు వాడుననియు అనుకొందము. రెండవదాని వెల 17,000. అది 150 యూనిట్లు వాడును. యూనిటు 6 రూపాయలైనచో ఏడాదికి 360 రూపాయలు మిగులును. ఎక్కువ పెట్టిన రెండువేలు సుమారు అయిదున్నర సంవత్సరములలో తిరిగి వచ్చును. ఆ పైన అంతయు లాభమే. అద్దె ఇంటిలో రెండేండ్లుండి ఊరు మారువారికి మొదటిది మేలు, స్థిరముగా నుండువారికి రెండవది మేలు. ఈ చిన్న లెక్కను పుటయే చేసిపెట్టవచ్చును గదా! అడుగవలసిన దొక్కటే: "మీ ఇంటి కరెంటు యూనిటు ధర ఎంత? ఎన్నాళ్లు వాడదలచినారు?"

ఏ.సి. విషయములో ఈ ప్రశ్న మరింత అవసరము. చీటీమీది వార్షిక యూనిట్లు ఏడాదికి 1600 గంటల వాడకమును బట్టి కట్టిన లెక్క. బెజవాడ ఎండలు దేశమునకంతకును తెలిసినవే. అయినను రాత్రిపూట ఎనిమిది గంటలు, నాలుగు నెలలు వాడు ఇంటివారికి 960 గంటలే అగును. పగలు పండ్రెండు గంటలు, ఎనిమిది నెలలు నడుపు దుకాణమువారికి 2880 గంటలగును. ఇద్దరికిని ఒకే పట్టికను చూపి, ఒకే సలహా ఇచ్చుట వైద్యుడు నాడి చూడకయే మందు వ్రాసినట్లుండును.

ఇక పట్టికలోని వరుసల సంఖ్య. 1772లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన మిత్రుడైన జోసెఫ్ ప్రీస్ట్‌లీ అను రసాయన శాస్త్రజ్ఞునకు ఒక జాబు వ్రాసెను. ఎటూ తేల్చుకొనలేని విషయము వచ్చినప్పుడు కాగితమును నిలువుగా రెండు భాగములు చేసి, అనుకూలములను ఒకవైపు, ప్రతికూలములను ఒకవైపు వ్రాసికొని, సమాన బలముగలవానిని రెండువైపులను కొట్టివేయుచు పోయినచో మిగిలినదే నిర్ణయమునకు దారి చూపునని దాని సారాంశము. ఇన్నూట యేబది యేండ్లకు పైబడిన ఈ ఉపాయము మన తెరమీది పట్టికలలో అనేకమునకు ఇంకను అందలేదు. మూడు ఫ్రిజ్జులకును తలుపు ఒకటే, మూటికిని దీపము కలదు, మూటికిని వారంటీ ఒక సంవత్సరమే. ఈ వరుసలు మూడును చోటును, ఓపికను తినివేయుట తప్ప చేయు ఉపకారమేమి? సమానములైన వానిని మడిచి అడుగున పెట్టి, భేదమున్నవానినే పైకి తేవలెను. చిన్న తెరమీద రెండు వస్తువులకంటె ఎక్కువ ఒకేసారి ఇముడవు. కనుక నచ్చినదానిని ఒకవైపు నిలిపి, తక్కినవానిని ఒక్కొక్కటిగా దాని యెదుటకు తెచ్చు ఏర్పాటుండవలెను. చీరల గుమాస్తా చేయునది ఇదియే.

ఖాళీ గడుల సంగతి మరియొకటి. అమ్మకందారు వివరము వ్రాయనప్పుడు పట్టికలో చిన్న గీత యొకటి కనబడును. చూచువారు దానిని "లేదు" అని చదువుదురు. నిజమునకు అది "చెప్పలేదు" అని మాత్రమే. ఒకని మౌనము ఎదుటివాని నిజాయితీకి నష్టము కలిగించుటయు గలదు: ఒకడు తన గ్రైండరు చేయు చప్పుడును ఉన్నదున్నట్లు వ్రాయును, రెండవవాడు ఆ గడిని వదలివేయును; వ్రాసినవానిదే చప్పుడు చేయు గ్రైండరని పేరు పడును! "అమ్మువారు తెలుపలేదు" అని స్పష్టముగా వ్రాసినచో వ్రాయనివారికే ఒత్తిడి కలుగును.

మరమ్మతు సంగతికి పట్టికలో చాలవరకు వరుసయే యుండదు. నాగాయలంకలోనో అవనిగడ్డలోనో ఉన్నవారు "చెడిపోతే బాగుచేసేవాడు మా ఊరు వస్తాడా?" అని అడుగుదురు. మేమెరిగిన కుటుంబములలో వెల తరువాత అడుగు ప్రశ్న ఇదియే. సరకు చేర్చుటకై కొనువారి ఊరు, పిన్‌కోడు తీసికొన్న అంగడికి ఈ ప్రశ్నకు జవాబు వెదకిపెట్టుట భారము కాదు.

పోలిక మనుష్యుని మనస్సుమీద ఎట్లు పనిచేయునో పరిశోధించినవారు ఉన్నారు. షికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన క్రిస్టఫర్ షీ 1996లో ప్రకటించిన ఒక ప్రయోగమున రెండు సంగీత నిఘంటువుల వెల కట్టుమని జనులను అడిగెను. ఒకదానిలో పదివేల పదములు. పుస్తకము కొత్తదివలె నున్నది. రెండవదానిలో ఇరువదివేల పదములు, అట్ట చిరిగినది. విడివిడిగా చూచినవారు అట్ట బాగున్నదానికే ఎక్కువ వెల కట్టిరి. ఏలయన పదివేల పదములు ఎక్కువో తక్కువో వారికి తెలియదు, చిరిగిన అట్ట మాత్రము కంటికి కనబడును. రెంటిని పక్కపక్కన చూచినవారు ఇరువదివేల పదముల దానికే ఎక్కువ వెల కట్టిరి. పక్కన పెట్టుటయందు ఇంత శక్తి కలదు: అంతవరకు అర్థము కాని అంకెకు అది అర్థము కల్పించును.

ఆ శక్తినే అమ్మువాడు తనవైపు తిప్పుకొనుటయు కలదు. హ్యూబర్, పేన్, ప్యూటో అను మువ్వురు 1982లో చూపినదేమనగా, రెండు వస్తువులలో ఎటూ తేలని వారి ముందు, వానిలో ఒకదానికంటె స్పష్టముగా తీసికట్టైన మూడవదానిని పెట్టినచో, ఎక్కువమంది ఆ ఒకదానివైపు మొగ్గుదురు. మూడవదానిని ఎవరును కొనరు. దాని పని కొనిపించుటయే. కావున పోల్చుటకు వస్తువులను ఎన్నుకొను అధికారము కొనువారిదై యుండవలెను. పుట తనంతట తాను మూడవ వస్తువును తెచ్చి పెట్టినచో, ఎందులకు పెట్టినదో, అది డబ్బు పుచ్చుకొని పెట్టిన ప్రకటనయో కాదో చెప్పవలెను. ఇది మా కోరిక మాత్రమే కాదు. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారము తెరమీది సంతలను నడుపువారు వస్తువులను ఏ ముఖ్య ప్రాతిపదికలపై ముందు వెనుకలుగా చూపుచున్నారో వివరింపవలెను. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వము కొనువారిని మభ్యపెట్టు 13 విధముల పన్నాగములను పేర్కొని నిషేధించినది. లేని తొందరను కల్పించుట, ప్రకటనను ప్రకటన కానట్లు చూపుట, మొదట ఒక వెల చూపి తుదకు మరికొన్ని రుసుములు కలుపుట అందులోనివే. తుది రుసుములు కలుపని వెలలను పోల్చు పట్టిక పనికిమాలినదని వేరుగ చెప్పవలయునా?

నిత్యము కొను సరకులలో కొలతల చిక్కు వచ్చును. ఒక నూనె పొట్లముమీద లీటరని, మరియొకదానిమీద 910 గ్రాములని, ఇంకొకదానిమీద 850 మిల్లీలీటర్లని ఉండును. నూనె వేడికి వ్యాకోచించును గనుక ఘనపరిమాణము ఒక్కటియే చాలదు; తూకము కూడ వ్రాయుమని 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ నూనె కంపెనీలకు తెలిపినది. పొట్లపు సరకుల నిబంధనలకు 2021లో చేసిన సవరణ, గ్రాముకో కిలోకో పడు వెలను పొట్లముపై అచ్చువేయవలెనని విధించినది. తెరమీది పోలికలో అన్ని పొట్లములను కిలో వెలకు మార్చి చూపుట కంప్యూటరుకు కన్ను మూసి తెరచునంత పని.

ఇంతవరకు చెప్పినది కొనువారి పక్షము. ఈ పట్టికలోని వరుసలమీద అమ్మువారి బ్రదుకు, అంతకుమించి చేయువారి బ్రదుకు కూడ ఆధారపడి యున్నది. ఇందుకు బందరుకు సమీపముననున్న పెడన సాక్షి. మచిలీపట్నపు కలంకారీ అను పేర భౌగోళిక గుర్తింపు పొందిన అద్దకము అక్కడిదే. టేకు చెక్కపై చెక్కిన అచ్చులతో చేతితో అద్దుదురు. ముందుగా బట్టను కరక్కాయ నీటిలో ముంచి ఆరవేయుదురు. ఇనుప ముక్కలు, బెల్లము కలిపి నానవేసిన నీరు అద్దగానే కరక్కాయ పట్టిన బట్టపై నల్లరంగుగా మారును. ఎరుపునకు పటిక అద్ది, పారు నీటిలో ఉతికి, రంగుచెక్కలతో ఉడికింతురు. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క అచ్చు. ఒక్కొక్క రంగునకు మరల ఉతుకుట, ఆరవేయుట. కాలువ నీరు, ఎండ అనుకూలింపనిచో పని ఆగిపోవును.

ఇట్టి బట్టకు ఎదురుగా స్క్రీను అచ్చుతో రసాయనపు రంగులు వేసిన బట్టను తెరమీది అంగడిలో పెట్టుచున్నారు. స్క్రీను అచ్చు వేయుట తప్పు కాదు. పెడనలోనే ఆ పనిచేసి బ్రదుకువారున్నారు, తక్కువ వెలకు కావలసినవారికి అది తగిన సరకే. కాని రెండిటి పేరును "కలంకారీ" యే. పట్టికలో వరుసలేవి? పొడవు, వెడల్పు, రంగు, నూలు, ఉతుకు విధము, వెల. మొదటి అయిదును సమానము. వెలలో చేతి అద్దకము ఓడిపోవును. ఎట్లు అద్దినారు, ఏ రంగులు వాడినారు అను రెండు వరుసలు లేకపోవుటచే, కొనువారు మోసపోవుటయు, చేతిపనివారు నష్టపోవుటయు ఒక్క తెరమీదనే జరుగుచున్నవి. అంగడికి స్వయముగా పోయినవారు బట్టను తిరగవేసి రంగు వెనుకకు ఎంత దిగినదో చూతురు, అచ్చులు కలిసిన చోట సన్నని తేడాకై వెదకుదురు, వాసన చూతురు. అంత శ్రద్ధ గలవారికి తెరమీద కనబడునది మెరయుచున్న ఒక ముందువైపు ఫోటో మాత్రమే. బట్ట వెనుకవైపు ఫోటో ఒకటి ఉంచుమని అమ్ముకొనువారిని నిర్బంధించుటకు ఎంత ఖర్చగును? కొండపల్లి బొమ్మలకును ఇదే న్యాయము: తెల్లపొణికి కర్రతో చేసినదా, కాదా అను వరుస ఒక్కటి చేర్చినచో వెలలోని తేడా దానంతట అదే అర్థమగును.

ఒకవేళ ఎవరైన "చేతి అద్దకము" అని అబద్ధము వ్రాసినచో? వ్రాయవచ్చును. కాని వ్రాసిన అబద్ధముపై ఫిర్యాదు చేయుటకు వీలున్నది. జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915 ఉన్నది, జిల్లాలలో వినియోగదారుల కమిషనులున్నవి. అసలు వరుసయే లేనప్పుడు ఫిర్యాదుకు ఆధార మేమున్నది?

మరియొక మాట రేడియో వినువారి ఇండ్లకు సంబంధించినది. రేడియోలో పట్టికను చూపుటకు వీలులేదు. రెండు వస్తువుల భేదమును చెప్పవలెనన్న వాక్యములోనే చెప్పవలెను. వాక్యములో చెప్పవలెనన్న ఏది ముఖ్యమో ముందు మనమే తేల్చుకొనవలెను. చూపు మందగించిన పెద్దలును, ఆంగ్ల సంకేతాక్షరములు చదువలేని గృహిణులును నేడు ఫోనుతో నోటిమాటగా మాటలాడుచున్నారు. వారికి నలువది వరుసల పట్టికను వరుసగా చదివి వినిపించు యంత్రమువలన ప్రయోజనము లేదు. సింగ్‌నగరులోని ఒక ముసలమ్మ, "రెండిట్లో ఏది తీసుకోమంటావు నాయనా?" అని ఫోనును అడిగినప్పుడు, పోలికపుట ఇట్లు పలుకగలిగినచో చాలును: "అమ్మా, రెండింటిలోను చోటు దాదాపు సమానము. మొదటిది రెండువేలు తక్కువ. రెండవది ఏడాదికి మూడువందల అరవై రూపాయల కరెంటు మిగుల్చును. మరమ్మతువారు రెంటికిని మీ పేటకు వత్తురు. నీరు వచ్చు ఇల్లైనచో ఎత్తుపీట ఏదానితో వచ్చునో అమ్మువారు తెలుపలేదు, అడిగి చెప్పమందురా?"